ఎవరిదీ కాని సందు అందరిదీ కావాలంటే

పాడుబడిన సందును బాగుచేయాలన్న ఆలోచన రాగానే చాలామంది దృష్టి సిమెంటు మీదికి, రంగుల మీదికి, బెంచీల మీదికి పోతుంది. అయితే పట్టణాల్లో సందులు పాడుబడడానికి అసలు కారణం పట్టించుకునే మనిషి లేకపోవడమే. రెండు వరుసల ఇళ్ల వెనుక గోడల మధ్య మిగిలిన ఆ ఏడెనిమిది అడుగుల జాగా పురపాలక సంఘానిదని ఇళ్లవారు వదిలేస్తారు. రోజూ వాడుకునేది ఇళ్లవారే కనుక వారే చూసుకుంటారని పారిశుద్ధ్య సిబ్బంది పెద్ద వీధులతో సరిపెట్టుకుంటారు. ఈలోగా ఎవరో మొదటి చెత్త సంచి గిరాటేస్తారు, దాన్ని చూసి రెండోది పడుతుంది, కూలిన గోడ తాలూకు ఇటుకముక్కలు, పాత తలుపులు, పగిలిన కుండీలు వచ్చి చేరతాయి, చివరకు పట్టపగలు కూడా ఆడపిల్లలు ఆ దారి మానుకుని చుట్టూ తిరిగి వెళ్లే పరిస్థితి వస్తుంది.

అలాంటి సందును ఇరుగుపొరుగు కూర్చుని మాట్లాడుకునే, పిల్లలు ఆడుకునే, పండుగ చేసుకునే చోటుగా మార్చడానికి కావలసిన మనఃస్థితిని ఈ అధ్యాయం ఉమ్మడి బాధ్యత అని పిలుస్తుంది. తనది కానిదాన్ని తన ఇంటి వాకిలంత శ్రద్ధగా చూసుకుంటూనే, ఆ శ్రద్ధను సాకుగా చూపి దానిమీద సొంత హక్కు చెప్పుకోకపోవడమే ఉమ్మడి బాధ్యత. ఈ రెండింటిలో మొదటిది కొరవడితే సందు చెత్తకుప్ప అవుతుంది. రెండోది కొరవడితే ఒకరి మెట్లు, మరొకరి షెడ్డు ముందుకు జరిగి సందు ఆక్రమణల పాలవుతుంది. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఈ రెండింటినీ కలిపి అలవరచుకునే సాధనే.

డెల్టాకు తెలిసిన విద్య

గోదావరి డెల్టాకు ఈ మనఃస్థితి కొత్తది కాదు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పశ్చిమ డెల్టాకు పారే నీరు పెద్ద కాలువల నుంచి పిల్లకాలువల్లోకి, వాటి నుంచి పంట బోదెల్లోకి, అంటే పొలాల గట్ల వెంట సాగే సన్నని నీటి దారుల్లోకి చేరుతుంది. పెద్ద కాలువను ప్రభుత్వం చూసుకున్నా, బోదెలో పూడిక లాగడం, నాచు తీయడం ఆయకట్టు రైతులు కలిసి చేసుకోవలసిన పనే. ఎగువ రైతు తన మేర బోదెను పట్టించుకోకపోతే శివారు రైతు చేను ఎండుతుంది, బోదెను చదును చేసి చేనులో కలిపేసుకుంటే కింద ఉన్నవారందరి చేలూ ఎండుతాయి. ఈ కలివిడి నిర్వహణకు చట్టరూపం ఇస్తూ 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. పట్టణంలోని సందు కూడా పంట బోదె వంటిదే. అది ఏ ఒక్కరి పేరునా ఉండదు, ఎవరు వదిలేసినా ఆ ఫలితం అందరినీ తాకుతుంది.

ఇదే పశ్చిమ డెల్టాలో, పశ్చిమ గోదావరి జిల్లాలో గోస్తనీ తీరాన ఉన్న తణుకు, 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపన తర్వాత పారిశ్రామిక పట్టణంగా పెరిగి, 2011 జనాభా లెక్కల నాటికి 70 వేలకు పైబడిన జనంతో నిండింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పట్నవాసానికి వచ్చిన కుటుంబాలు అద్దె పోర్షన్లలోనూ అపార్టుమెంట్లలోనూ స్థిరపడుతున్నకొద్దీ, బోదె దగ్గర ఉన్న ఉమ్మడి అలవాటు వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అరుగులు పోయి ప్రహరీ గోడలు వచ్చాయి, రచ్చబండ స్థానంలో వాహనాలు నిలిచాయి, దానితో ఒకే వీధిలో పదేళ్లుగా ఉంటున్న ఇద్దరు ఒకరి పేరు ఒకరికి తెలియకుండా బతకడం మామూలైపోయింది. పాత అలవాటును కొత్త చోటికి తీసుకురావడమే ఇక్కడి పని.

చిన్న ఊళ్లు సొంత చొరవతో ఉమ్మడి చోట్లు కట్టుకున్న చరిత్ర కూడా ఈ జిల్లాకు ఉంది. భీమవరం సమీపంలోని కుముదవల్లిలో 1897లోనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం వెలిసింది. చదువుకున్నవారు ఊరికి కొద్దిమందే ఉన్న ఆ రోజుల్లో అది సాధ్యపడిందంటే, ఒక సందును నిలబెట్టుకోవడం నేటి పట్టణవాసులకు మించిన పని కాదు.

మొదటి మెట్టు: ముందు చూడాలి

మార్పు కోరేవారు మొదటి వారం ఏదీ ముట్టుకోకుండా, ఒక నోటు పుస్తకం పట్టుకుని సందును గమనించాలి. ఉదయం పాలవాళ్లు, చెత్త బండి వచ్చే వేళ, మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్న వేళ, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, రాత్రి తొమ్మిది తర్వాత అరగంట చొప్పున నిలబడి, ఎంతమంది నడిచారు, అందులో ఆడవారు ఎందరు, ఎవరైనా ఆగి మాట్లాడుకున్నారా, చెత్త వేసింది ఏ వేళ అన్నది రాసుకోవాలి. చెత్త వేసేవారిలో చాలామంది ఆ వేళకు మున్సిపల్ బండి అందుకోలేకపోయిన ఉద్యోగులో, బండి తమ గుమ్మం దాకా రాని అద్దెవాళ్లో అయి ఉండవచ్చు. కారణం తెలిస్తే పరిష్కారం తిట్ల జోలికి పోకుండానే దొరుకుతుంది.

సందులోకి తెరుచుకునే తలుపులు, కిటికీలు ఎన్నో లెక్కపెట్టడం రెండో పని. అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో నగర వీధుల భద్రతకు మూలం వీధి మీద పడే మామూలు మనుషుల చూపేనని వాదించారు. వంటింటి కిటికీలోంచి చూసే గృహిణి, బడ్డీకొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన, కుట్టు మిషను ముందున్న దర్జీ ఆమె చెప్పిన ఆ కళ్లే. ఒకప్పుడు చెత్తకూ సరుకుల దింపుడుకూ మాత్రమే వాడిన మెల్‌బోర్న్ నగర సందులు 1990ల తర్వాత కళకళలాడడానికి ఒక ముఖ్య కారణం, చిన్న దుకాణాల తలుపులు సందువైపు తెరుచుకోవడమే. తణుకులోని ఇళ్ల మధ్య సందుకు అన్ని దుకాణాలు అవసరం లేదు. మూసేసిన ఒక పెరటి తలుపు మళ్లీ తెరుచుకున్నా, కిరాణా కొట్టు పక్కగోడకు ఒక కిటికీ పెట్టినా చాలు.

రెండో మెట్టు: హద్దులు, హక్కులు తేల్చుకోవాలి

పురపాలక చట్టం ప్రకారం పట్టణంలోని ప్రజా వీధులు పురపాలక సంఘం అధీనంలో ఉంటాయి. అయితే సందుగా కనిపించేదంతా ప్రజా వీధి కాకపోవచ్చు; కొన్నిచోట్ల అది రెండు ఇళ్లవారు దస్తావేజుల్లో రాసుకున్న ఉమ్మడి నడక దారి అయి ఉంటుంది, మరికొన్నిచోట్ల ఒకరి సొంత స్థలంలో అలవాటుగా ఏర్పడిన దారి అయి ఉంటుంది. కనుక పనికి దిగేముందు పట్టణ సర్వే పటం, అంటే ప్రతి స్థలం కొలతలూ హద్దులూ చూపే ప్రభుత్వ పటం నకలు తీసుకోవాలి. అడిగినా ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో మొదలైన వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యానికి, మౌలిక వసతులకు, ప్లానింగుకు వేర్వేరు కార్యదర్శులను నియమించారు కనుక, అర్జీని సంబంధిత కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకుని, వార్డు కౌన్సిలరుకు ఒక ప్రతి అందజేయడం సరైన పద్ధతి.

ఆక్రమణల విషయంలో మాట తీరే పనిని నిలబెడుతుంది లేదా చెడగొడుతుంది. పటం చేతికి రాగానే అధికారులకు ఫిర్యాదు చేస్తే, మెట్లు ముందుకు కట్టుకున్న కుటుంబం ఆ రోజు నుంచే శత్రువైపోతుంది. అదే వీధిలో పెద్దరికం ఉన్నవారిని వెంటబెట్టుకుని ఆ ఇంటికే వెళ్లి, "బాబాయ్ గారూ, వర్షం వస్తే మీ మెట్ల దగ్గర ఆగిన నీరు ముందు మీ ఇంట్లోకే వస్తోంది, కాలువ అటుగా తీస్తే మీకూ సుఖం" అని లాభం కనిపించేలా చెబితే, సగం తగాదా మొదలుకాకముందే సద్దుమణుగుతుంది.

జెండా దిమ్మెలు, విగ్రహాల విషయంలో మొదటి సమావేశంలోనే ఒక తీర్మానం రాసుకోవడం అవసరం. ఖాళీగా, శుభ్రంగా కనిపించే చోటు మీద పార్టీల, సంఘాల చూపు పడడం మన పట్టణాల్లో సహజం. రోడ్లు, పేవ్‌మెంట్ల వంటి ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలు, ఇతర కట్టడాలు పెట్టడానికి అనుమతించరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఏ మహనీయుణ్ణి గౌరవించాలన్నా వారి రచనలు చదివే సభ పెట్టుకోవచ్చు. తణుకు పక్కనే ఉన్న మండపాకలో 1921 ఆగస్టు 1న పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్ కవిత్వాన్ని ఏటా ఆ రోజున సందులో చదువుకోవడం అలాంటి గౌరవమే.

మూడో మెట్టు: నీటి సంగతి ముందు, రంగుల సంగతి తర్వాత

డెల్టా నేల చదునుగా ఉంటుంది, ఒండ్రుమట్టి నీటిని తొందరగా పీల్చుకోదు, భూగర్భజలం పైపైనే ఉంటుంది. అందువల్ల నీరు పోయే దారి చూడకుండా వేసిన ఏ నేలైనా మొదటి వానాకాలానికే పాకుడు పడుతుంది. నిలిచిన మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు వ్యాధిని వ్యాపింపజేస్తుంది. ఆ వ్యాధి గోదావరి జిల్లాలను తరతరాలుగా బాధించింది. కనుక మురుగు కాలువ పని ఇక్కడ ప్రజారోగ్యానికి సంబంధించిన విషయం.

మొదట కాలువ వాలు సరిచూడాలి. వంద అడుగుల పొడవుకు అర అడుగు వాలు ఉంటే మామూలుగా నీరు సాగుతుంది. నేల వాలు కూడా కాలువ వైపే ఉండాలి. ఎనిమిది అడుగుల వెడల్పుకు సుమారు రెండు అంగుళాల వాలు సరిపోతుంది. ఏ ఇంటి మరుగుదొడ్డి నీరైనా నేరుగా కాలువలో కలుస్తుంటే దాన్ని సెప్టిక్ ట్యాంకుకు మళ్లించకుండా ముందుకు పోరాదు, ఎందుకంటే దుర్వాసన వచ్చే చోట ఎంత అందమైన అరుగు కట్టినా కూర్చునేవారుండరు.

కాలువ మీద వేసే పలకల విషయంలో జరిగే పొరపాటు చాలా సందులను మళ్లీ పాడుచేస్తుంది. చూడ్డానికి బాగుంటుందని పలకల మధ్య ఖాళీలన్నీ సిమెంటుతో పూడ్చేస్తే, లోపల పేరుకున్న పూడికను తీయడానికి కాలువను పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం గల కాంక్రీటు పలక 30 కిలోలకు కాస్త పైగా తూగుతుంది కనుక ఇద్దరు కలిసి ఎత్తగలరు. అలాంటి పలకలకు రెండువైపులా ఇనుప కొక్కేలు పోత పోసి, సిమెంటు పూయకుండా వదిలేస్తే, పారిశుద్ధ్య కార్మికులు నెలకోసారి పలకలు తీసి, పూడిక లాగి, మళ్లీ కప్పగలుగుతారు. మోటారు సైకిళ్లు తిరిగే చోట మాత్రం మందం ఎంత ఉండాలో మున్సిపల్ ఇంజనీరును అడిగి నిర్ణయించాలి.

గోదావరి పట్టణాల్లో పాత ఇళ్లు పల్లంలో పడిపోవడానికి కారణం, ఉన్న రోడ్డు మీదే మళ్లీ మళ్లీ కొత్త పొర వేయడం. సందు నేల ఏ ఇంటి గడప కన్నా ఎత్తుకు పోకూడదని, పాత పొర తీశాకే కొత్తది వేయాలని అర్జీలోనే రాయించుకుంటే వర్షాకాలంలో ఏ కుటుంబమూ నష్టపోదు.

నాలుగో మెట్టు: కట్టేముందు తాత్కాలికంగా చేసి చూడాలి

డబ్బు పెట్టి శాశ్వత నిర్మాణం చేసేముందు, తక్కువ ఖర్చుతో కొన్ని వారాలు అలాంటి ఏర్పాటే చేసి, జనం ఎలా వాడుతున్నారో చూసి, తర్వాత నిర్ణయించుకోవడాన్ని తాత్కాలిక ప్రయోగం అంటారు. కోపెన్‌హాగన్‌లోని స్ట్రోయెట్ వీధిలో 1962లో వాహనాలు ఆపింది మొదట ప్రయోగంగానే. వ్యాపారం పోతుందని భయపడ్డ దుకాణదారుల అనుమానాలు అనుభవంతోనే తీరాయి, తర్వాతే అది శాశ్వతమైంది. 2021లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి జనాన్ని నడవనిచ్చినప్పుడు కూడా మార్పు తెచ్చింది కొత్త కట్టడం కాదు, వాడుక వేళల్లో చేసిన ఒక సర్దుబాటే.

తణుకులో ఇలాంటి ప్రయోగానికి తగిన రూపం చలివేంద్రం. సందు శుభ్రం చేసిన వారంలోనే, ఎండలు ముదిరే రోజుల్లో, సందు మొదట్లో తాటాకు పందిరి వేసి, రెండు కుండలు, ఒక మజ్జిగ బిందె, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పెడితే, దాహానికి ఆగినవారు కాసేపు కూర్చుంటారు, కూర్చున్నవారు మాట్లాడుకుంటారు, ఎవరూ పిలవకుండానే సందు మీద జనం చూపు పడడం మొదలవుతుంది. ఆ కొన్ని వారాల్లో కుర్చీలను జనం ఎటు జరుపుకున్నారో గమనిస్తే, శాశ్వత అరుగు ఎక్కడ కట్టాలో ఎవరినీ అడగనవసరం లేకుండా తెలుస్తుంది.

చెత్తకుప్ప ఉన్న మూలను ఒక్క ఉదయంలో మార్చడం కూడా ఈ కోవలోదే. బెంగళూరులో 2010లో మొదలైన 'ది అగ్లీ ఇండియన్' బృందం ప్రసంగాలు, ఫిర్యాదులు లేకుండా, పేర్లు చెప్పుకోకుండా, మురికి మూలలను స్వయంగా శుభ్రం చేసి, గోడకు రంగు వేసి, కుండీ పెట్టి వదిలే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అయితే శుభ్రం చేసిన మూల మళ్లీ కుప్ప కాకుండా నిలవాలంటే, చెత్త వేసేవారికి వేరే ఏర్పాటు చూపాలి. బండి వేళ మార్పించడమో, ఉద్యోగానికి పోయేవారి చెత్తను పక్కింటివారు అందించే ఒప్పందమో అప్పటికే సిద్ధంగా ఉండాలి.

ఐదో మెట్టు: చోటు, వెలుతురు, నీడ

అమెరికన్ పరిశీలకుడు విలియం వైట్ న్యూయార్కు నగరంలోని చిన్న బహిరంగ స్థలాలను కెమెరాలతో ఏళ్ల తరబడి గమనించి 1980లో ప్రచురించిన అధ్యయనంలో, జనం ఎక్కువగా కూర్చునేది కూర్చోవడానికి చోటున్న దగ్గరేనని తేల్చారు. వినడానికి చిన్న మాటే అయినా, దీన్ని పట్టించుకోకుండా కట్టిన పార్కులు ఎన్నో ఉన్నాయి. అడుగు నుంచి మూడడుగుల మధ్య ఎత్తులో ఏ గట్టు ఉన్నా మనుషులు కూర్చుంటారని కూడా ఆయన గుర్తించారు. మన పాత అరుగు ఈ కొలతలకు లోబడినదే. సందు వెడల్పును తినేయకుండా, అడుగున్నర ఎత్తు, అడుగుంబావు లోతుతో ఒకవైపు గోడకు ఆనించి అరుగు కడితే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కూడా కూర్చుని లేవగలరు.

వెలుతురు విషయంలో కళ్లు జిగేలుమనే ఒక పెద్ద దీపం కన్నా, కాస్త తక్కువ ఎత్తులో, కిందికి మాత్రమే కాంతి పడేలా పెట్టిన రెండు మూడు చిన్న దీపాలు మేలు. చీకటి మూలలు మిగలవు, పడకగదుల్లోకి కాంతి పడదు. నీడకు కొబ్బరి చెట్టు పనికిరాదు, కాయలూ మట్టలూ నెత్తిన పడతాయి. రావి వేళ్లు గోడలను చీలుస్తాయి. గన్నేరు విషపూరితం కనుక పిల్లలు తిరిగే చోట పెట్టరాదు. స్థలం ఉంటే పొగడ, లేకపోతే తీగల పందిరి మీద సన్నజాజి, రాధామనోహరం అనువుగా ఉంటాయి.

ఆరో మెట్టు: అందరికీ చోటు ఉందా అని అడగాలి

మంచి ఉద్దేశంతో మొదలైన చోటు కూడా నాలుగు నెలలకు ఒకే గుంపు అడ్డాగా మారే ప్రమాదం ఉంది. ఆడవారు ఎంతమంది కూర్చుంటున్నారన్నది ఆ ప్రమాదాన్ని ముందే చెప్పే కొలమానం. వారి సంఖ్య తగ్గుతున్న చోట ఏదో లోపం ఉందని వైట్ కూడా గమనించారు. అదేవిధంగా, సందు ఊడ్చే కార్మికురాలు పని ముగిశాక అదే అరుగు మీద కూర్చుని అదే కుండలో నీళ్లు తాగగలుగుతోందా అన్న ప్రశ్నకు అవునన్న జవాబు రాకపోతే, ఆ సందు ఇంకా ఉమ్మడి కాలేదనే అర్థం. కులం పేరుతో, అద్దెవాళ్లు, సొంతిల్లున్నవాళ్లు అన్న తేడాతో ఎవరినైనా లేవదీసే చోటుకు ఎన్ని రంగులు వేసినా ప్రయోజనం లేదు.

చక్రాల కుర్చీ సులభంగా ఎక్కడానికి, అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవున్న ఏటవాలు దారి ఉండాలి. అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది రాకకు అడ్డం లేకుండా అరుగులు ఒకవైపే ఉంచాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు వాడరాదు; వినాయక చవితి పందిరైనా, శ్రీరామనవమి పందిరైనా ఈ నియమాన్ని పాటిస్తే, పరీక్షలకు చదువుకునే పిల్లలు, జబ్బుపడినవారు ఉన్న ఇళ్లు ఈ చోటుకు దూరం కావు.

జనాన్ని కలపడానికి కొత్త కార్యక్రమాలు వెతకనక్కర్లేదు. కనుమ వేళ ఒక ఇంటి ముందు వేసిన రథం ముగ్గు గీతను పక్కింటి ముగ్గుతో కలుపుకుంటూ పోయే ఆచారం మనకు ఉంది. ఆ గీతను సందు పొడవునా సాగనిస్తే, ఏడాదంతా పలకరించుకోని ఇళ్లు ఆ రోజు ఒకరి గుమ్మం దగ్గర ఒకరు కూర్చోక తప్పదు.

ఏడో మెట్టు: నిలబెట్టుకోవడం

ప్రారంభోత్సవం నాటి ఉత్సాహం ఆరు నెలలు మించి ఉండదన్న సత్యాన్ని ముందే అంగీకరించినవారే నిలబడతారు. అందుకు మూడు ఏర్పాట్లు ఉండాలి. మొదటిది వంతులు. వారానికి ఒక ఇల్లు చొప్పున చిన్న బాధ్యతలు, అంటే దీపం స్విచ్చు, కుండీలకు నీరు, కుర్చీల లెక్క చూసుకోవడం, గోడమీద రాసి పెట్టాలి. రెండోది లెక్కల పుస్తకం. పది రూపాయల చందా వచ్చినా, చీపురు కొన్నా అందరూ చూసేలా రాయాలి, ఎందుకంటే ఉమ్మడి పనులు డబ్బు తక్కువై ఆగడం కన్నా డబ్బు మీద అనుమానం వచ్చి ఆగడమే ఎక్కువ. మూడోది ఒక సంస్థతో అనుబంధం. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా కింద పనిచేసే మహిళా పొదుపు సంఘాలకు నెలవారీ సమావేశం, తీర్మానం, పుస్తక నిర్వహణ ఇప్పటికే అలవాటు కనుక, ఈ బాధ్యత వారికి అప్పగిస్తే సందుకు స్థిరత్వం వస్తుంది.

పెద్ద ఖర్చులకు, అంటే కాలువకు, దీపాలకు, పురపాలక నిధులనే అడగాలి. పన్ను కట్టేవారికి అది హక్కు. ఆపైన అవసరమైతే, 2013 నాటి కంపెనీల చట్టం కింద నిర్ణీత స్థాయి మించిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి కనుక, జిల్లాలోని పరిశ్రమలను ఆశ్రయించవచ్చు. దాత పేరు చిన్న ఫలకానికి పరిమితం కావాలి, నిర్ణయాధికారం మాత్రం వీధివారి దగ్గరే ఉండాలి.

సాధన

1. ఈ వారం ఇంటికి దగ్గరలోని ఒక సందును ఎంచుకుని, నాలుగు వేర్వేరు వేళల్లో గమనించి, నడిచేవారి, ఆగేవారి లెక్క రాయాలి.

2. రెండో వారం ఆ సందుకు ఆనుకున్న ప్రతి ఇంటికీ వెళ్లి, ఫిర్యాదు చేయకుండా, ఈ సందులో ఏమి ఉంటే బాగుంటుందని మాత్రమే అడిగి, జవాబులు వారి మాటల్లోనే రాసుకోవాలి.

3. మూడో వారం ఇద్దరు ముగ్గురితో కలిసి వార్డు సచివాలయానికి వెళ్లి, సర్వే పటానికి, కాలువ మరమ్మతుకు అర్జీలు ఇచ్చి రసీదులు దాచుకోవాలి.

4. నాలుగో వారం ఒక మూలను శుభ్రం చేసి, నాలుగు కుర్చీలు వేసి, సాయంత్రం గంటసేపు అక్కడే కూర్చోవాలి.

ఈ నాలుగు పనుల్లో ఏదీ అధికారం కోరదు, పెద్ద పెట్టుబడీ కోరదు. కానీ ముక్కుమొహం తెలియనివారి గుమ్మం ఎక్కి మాట్లాడే ధైర్యం, కాదన్నవారి మాట ఓపికగా వినే గుణం, పని తనదైనా పేరు పదిమందికీ పంచే పెద్దమనసు ఈ క్రమంలోనే అలవడతాయి. వ్యక్తిత్వ వికాసం గదిలో కూర్చుని చేసే సంకల్పాలతో మొదలవుతుందేమో గానీ, నలుగురితో కలిసి ఒక పని పూర్తిచేసినప్పుడే అది స్వభావంలో నిలుస్తుంది. కనుక సందు బాగుపడిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు కోసం ఏడాది తర్వాత చూడవలసినది గోడల రంగు కాదు. మొదలుపెట్టిన మనిషి ఊళ్లో లేని వారంలో కూడా కాలువ పలకలు ఎత్తి పూడిక తీశారా, దీపాలు వెలిగాయా అన్నదే చూడాలి. ఆ వారం పని ఆగలేదంటే సందు నిజంగా అందరిదైందని, దాన్ని ప్రారంభించిన వ్యక్తి నాయకత్వం నేర్చుకున్నారని నిశ్చయంగా చెప్పవచ్చు.